సమాధి రాళ్ళ మీది గుర్తులు – మన ఇండ్ల చరిత్ర

ఏటేటా ఈ సంచికలో ఒక చరిత్ర వ్యాసం వుండాలని పెద్దల కోరిక. ఈసారి మేము పుస్తకాల కోసం వూళ్ళు తిరిగే పని లేకుండా, విషయమే తనంతట తాను ఆఫీసు గుమ్మం తొక్కింది.

రంజాన్ వెళ్ళిన తర్వాత ఒకనాడు మన సభ్యులొకరు మడిచిన కాగితం పట్టుకొని వచ్చారు. కాగితం మీద బొగ్గుతో రుద్ది తీసిన ఒక గుర్తు. కంపాసు కాళ్ళు చాపినట్టు రెండు గీతలు, వాటి కింద మేస్త్రీల మూలమట్టం మాదిరి ఒక మూల. అది వాళ్ళ దాదా సమాధి బండ మీద వుందట. బెంగుళూరులో చదువుకునే మనవడు సెలవులకు వచ్చి, ఫాతెహాకు పోయినప్పుడు దాన్ని చూసి, "ఇది ఫ్రీమేసన్ల గుర్తు. మన ముత్తాత రహస్య సంఘంలో మెంబరు" అన్నాడట. అంతే, ఇల్లు రెండుగా చీలింది. కొందరికి గర్వం, కొందరికి భయం. ఒక తమ్ముడైతే ఆ రాయి పీకేసి కొత్తది వేయిద్దామని మేస్త్రీని కూడా మాట్లాడి పెట్టుకున్నాడు. "వుంచేదా, తీసేదా, మీరే చెప్పండి" అని ఆయన మా ముందు కాగితం పెట్టారు. మేము ముగ్గురం కమిటీవాళ్ళం. మాలో ఎవరికీ వెంటనే జవాబు తోచలేదు.

ముందు ఈ ఫ్రీమేసన్లు ఎవరో తెలుసుకోవాలి గదా. రాతిపనివాళ్ళ పాత సంఘాల పనిముట్లనూ, మాటలనూ గుర్తులుగా పెట్టుకొని, 1717లో లండన్లో నాలుగు శాఖలు కలిసి గ్రాండ్ లాడ్జిగా ఏర్పడిన సోదర సంఘం ఇది. సభ్యులు ఒకరినొకరు 'బ్రదర్' అని పిలుచుకుంటారు. కంపాసు, మూలమట్టం, తాపీ, కన్ను, సూర్యచంద్రులు వీరి చిహ్నాలు. సభ్యుడు చనిపోతే ఇంగ్లీషువాళ్ళ శ్మశానాల్లో కంపాసూ మూలమట్టమూ రాతి మీద చెక్కించుకోవడం రివాజు. అందుకే అక్కడ వంశ చరిత్రలు వెదికేవాళ్ళకు సమాధి రాయి మీద ఆ గుర్తు కనపడితే ఒక దారి దొరికినట్టే. లాడ్జి రిజిస్టర్లు వెదికితే మనిషి పేరు, వయసు, వృత్తి బయటపడతాయి. మన దేశంలో తలుపులు మూసుకొని సభలు చేస్తారని ఉత్తరాది జనం ఆ భవనాలను 'జాదూఘర్' అని పిలిచేవారు.

మనవడి మాట పూర్తిగా కొట్టిపారేసేది కాదని వెదికేకొద్దీ తెలిసింది. ఈ సంఘంలో చేరిన మొదటి హిందూదేశపు ప్రముఖుల్లో ఒక ముస్లిం వున్నాడు, అదీ మన దక్షిణాదివాడే. ఆర్కాటు నవాబు మహమ్మదలీ వాలాజా పెద్ద కొడుకు ఉమ్దతుల్ ఉమరా 1770లలో తిరుచిరాపల్లిలో ఫ్రీమేసన్‌గా చేరాడు. లండన్ గ్రాండ్ లాడ్జి అతనికి కానుకలు పంపితే, జవాబుగా పార్సీలో జాబు రాశాడు. 1795లో తండ్రి తర్వాత నవాబై, 1801లో చనిపోయాడు. ఇక హైదరాబాదులో, గోల్కొండ ఆఖరి సుల్తాను తానాషా కట్టించిన గోషామహల్ బారాదరిని 1872లో నిజాం ప్రభుత్వం ఫ్రీమేసన్ల లాడ్జికి ఇచ్చింది. స్వతంత్రం వచ్చాక 1961లో గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా ఏర్పడినప్పుడు మొదటి గ్రాండ్ మాస్టర్ రాంపూర్ నవాబు సయ్యద్ రజా అలీ ఖాన్. ఇంకొక సంగతి కూడా చెప్పాలి: మక్కాలోని ఇస్లామీ ఫిఖ్ మండలి 1978లో ఈ సంఘంలో చేరడం ముస్లిములకు తగదని తీర్పు చెప్పింది. ఆ ఇంట్లో కొందరు భయపడింది ఇందుకే.

కాని నవాబులు చేరారు గాబట్టి కదిరిలో చేను దున్నుకునే మనిషి చేరాడని అనుకోవచ్చునా? ఇటువంటి తొందరపాటు ఎంత దూరం తీసుకుపోతుందో చూపించడానికి మేము ఆ మనవడితో ఒక వేళాకోళం చేశాము. ఫ్రీమేసన్ల కథలో హీరామ్ అనే వాస్తుశిల్పి సమాధికి గుర్తు తుమ్మ జాతి చెట్టు కొమ్మ. ఇంగ్లీషులో అకేసియా అంటారు. మన వూరి పేరు 'ఖదిర' వృక్షం నుంచి వచ్చిందని స్థలపురాణం. ఖదిర అంటే చండ్ర చెట్టు, కిళ్ళీలో వేసుకునే కాచు దాని చేవ నుంచే వస్తుంది. చాలా కాలం శాస్త్రజ్ఞులు దాన్నీ అకేసియాలలోనే లెక్కవేశారు. "అయితే కదిరి వూరంతా ఫ్రీమేసన్లదేనా నాయనా?" అంటే పిల్లవాడు నవ్వాడు. అట్లాగే కదిరి అనే పేరు మన ఖాద్రీ సిల్సిలా వల్ల వచ్చిందని మన పిల్లల్లో కొందరు చెప్పుకుంటారు, అదీ ఇంతే. శబ్దం ఒకటైతే సంబంధం వున్నట్టు కాదు, ఆకారం ఒకటైతే సంఘం ఒకటి కాదు. హైదరాబాదు మలక్‌పేట వైపు ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి వుంది. 1798లో చనిపోయాడు. హిందువులు మూసా రామ్, ముస్లిములు మూసా రహీమ్ అని పిలుచుకున్న మనిషి. అతని గుర్తుగా నిలబెట్టిన సూదిమొన స్తంభాన్ని చూసి కూడా రహస్య సంఘం అనేవాళ్ళు వున్నారు. ఆ కాలంలో యూరోపువాళ్ళకు అటువంటి స్తంభం నిలబెట్టడం మామూలు ఆచారం. స్తంభం ఒక్కటే చూసి ఏమీ తేల్చలేము.

అందుకని మాటలు కట్టిపెట్టి, ఒక ఆదివారం పొద్దున్నే ఖబరస్తాన్‌కు పోయాము. ఆ ఇంటివాళ్ళు, మేము ముగ్గురం, రాతిపని తెలిసిన వడ్డెర పెద్దాయన ఒకరు. ఆయన్ను పిలవాలన్న ఆలోచన మాలో చిన్నవారిది, ఆ ఘనత వారికే చెల్లాలి.

పెద్దాయన బండ ముందు గొంతుకు కూచొని, గీతల్లో వేలు పెట్టి తడిమి, "ఇది సమాధి కోసం కొట్టిన రాయి కాదప్పా. యాడో గోడలో వున్న బండ. ఈ గీతలు కొలత గీతలు. రాయి తలకిందులుగా పడుకోబెట్టినారు, అందుకే మీకట్ల కనపడతాంది" అన్నాడు. ఇటువైపు నుంచి వచ్చి చూస్తే నిజమే, కంపాసు మాయమై రెండు ఉలిగీతలు మిగిలాయి. పాత కట్టడం రాయిని సమాధికి వాడుకోవడం మన కరువు సీమలో తప్పు కాదు, తక్కువా కాదు. కొత్త బండ కొట్టించే స్తోమత ఎంతమందికి వుండేది? ధాతు కరువులో, అంటే 1876 నుంచి 78 దాకా, ఈ జిల్లాల్లో జనం రాలిపోతుంటే మనిషికి మట్టి దొరకడమే గొప్ప.

మనవడి ముఖం చిన్నబోయింది. కథ ఇక్కడితో అయిపోయిందని మేమూ అనుకున్నాము. కాని సాయంత్రం వాళ్ళింట్లో చాయ్ తాగుతూ ఫోనులో ఆ బండ ఫోటో చూపిస్తే, మంచం మీద కూచున్న వాళ్ళ పెద్ద ఖాలా, ఎనభై దాటిన మనిషి, కండ్లద్దాలు సర్దుకొని ఒక మాట అనింది: "ఇది మీ దాదా ది ఎట్లయితుందిరా? పైన పలక చెక్కినారు గదా. పలక వుంటే ఆడోళ్ళది. ఇది మీ దాదీది. మీ దాదాది పక్కన, దిమ్మె వుండేది."

ఇంట్లో అందరూ నిశ్శబ్దమైపోయారు.

ఈ పలక, దిమ్మెల సంగతి చాలామందికి మరుపున పడింది గాబట్టి కొంచెం వివరంగా చెబుతాము. హిందుస్తాన్‌లో ముస్లిం సమాధుల మీద మగవారికి 'కలందాన్', అంటే కలాల పెట్టె ఆకారంలో పొడుగాటి దిమ్మె, ఆడవారికి 'తఖ్తీ', అంటే రాసుకునే పలక ఆకారం చెక్కే ఆచారం మొగలాయీల నాటి నుంచీ వుంది. దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ తాజ్‌మహలే. 1631లో చనిపోయిన ముంతాజ్ సమాధి మీద పలక, 1666లో చనిపోయిన షాజహాన్ సమాధి మీద కలాల పెట్టె. గుంపులు గుంపులుగా పోయి చూసి వచ్చేవాళ్ళలో ఇది గమనించేవారు నూటికి ఒకరుంటారేమో. మగవాడు రాసేవాడు, ఆడది రాయించుకునే పలక అని దీనికి పాతవాళ్ళు అర్థం చెబుతారు. ఈనాడు మన ఆడపిల్లలు డాక్టర్లూ టీచర్లూ అయిన తర్వాత ఆ అర్థం మాకు రుచించదు. అయినా గుర్తు గుర్తే. మన వూళ్ళ దాకా వచ్చేసరికి చెక్కడపు సొగసు పోయి, దిమ్మె అంటే నడుమ ఎత్తుగా ఒక గట్టు, పలక అంటే చదునుగా ఒక చతురం, అంతే మిగిలింది. పేరు రాసి లేని చోట ఆ ఎత్తూ చదునే చరిత్ర.

మరి పొరపాటు ఎట్లా జరిగింది? పలక వున్న బండ పెద్దది, పైకి కనపడుతుంది. పక్కనే దిమ్మె రాయి చిన్నది, మట్టిలో సగం కూరుకుపోయింది. పెద్ద రాయి పెద్దాయనదే అయివుంటుందని కొడుకులు అనుకున్నారు, వాళ్ళను చూసి మనవలు. ఖబరస్తాన్‌కు పోయేది మగవాళ్ళు. ఆనవాలు తెలిసింది ఆడవాళ్ళకు, వాళ్ళు అక్కడికి పోరు. నలభై ఏండ్లు దాదా పేరు చెప్పి దాదీ దగ్గర నిలబడి ఫాతెహా చదివారు. పుణ్యం చేరవలసిన చోటికి చేరే వుంటుంది, అల్లాకు విలాసం మనం చెప్పాలా. కాని ఆ తమ్ముడు మాట్లాడి పెట్టుకున్న మేస్త్రీ వచ్చి పని చేసివుంటే, దాదీ గుర్తు ఆ రోజుతో భూమ్మీద లేకుండా పోయేది.

మనవడి ప్రశ్న మాత్రం మమ్మల్ని వదల్లేదు. మన ముత్తాతలు ఏ సోదర సంఘానికీ చెందినవాళ్ళు కారా? ఆ మాటకొస్తే మనకున్న సోదర బంధాలు ఫ్రీమేసన్ల కంటే ఎన్నో వందల ఏండ్లు పాతవి. పీరు చేతిలో చెయ్యి వేసి బైఅత్ చేసినవాళ్ళంతా 'పీర్ భాయీ'లు. ఖాద్రీ, చిష్తీ, సుహ్రవర్దీ, రిఫాయీ అని తరీఖాలు. ఇక్కడికి దగ్గరగా పెనుకొండలో బాబయ్యగా మనం కొలిచే బాబా ఫక్రుద్దీన్ వారు తిరుచిరాపల్లి నత్తర్ వలీ వారి శిష్యులు. గురువు ఇచ్చిన పుల్లను మజిలీ మజిలీకీ నాటుతూ వచ్చి, అది చిగురు వేసిన చోట నిలిచిపోయారని పెద్దలు చెప్పుకునే కథ. అదే తిరుచిరాపల్లిలో కొన్ని వందల ఏండ్ల తర్వాత ఆర్కాటు నవాబు కొడుకు ఇంగ్లీషువారి సోదర సంఘంలో చేరాడు. అతని తండ్రి వాలాజాను పాతిపెట్టిందీ ఆ వూళ్ళోనే. ఒక వూరు, రెండు రకాల అన్నదమ్ములు! రెండింటిలోనూ వున్నవారు కూడా లేకపోలేదు. ఫ్రెంచివారితో పోరాడిన అల్జీరియా అమీర్ అబ్దుల్ ఖాదిర్ పుట్టిందే ఖాద్రీ తరీఖా ఇంట్లో. 1860లో దమాస్కస్‌లో వేలమంది క్రైస్తవులను అల్లరిమూకల నుంచి కాపాడినందుకు పారిస్ ఫ్రీమేసన్లు మెచ్చుకొని ఆహ్వానిస్తే, 1864లో ఆ సంఘంలో చేరాడు. 1883లో చనిపోయినప్పుడు ఆయన్ను దమాస్కస్‌లో ఇబ్నె అరబీ పక్కన సమాధి చేశారు.

తురుష్క దేశంలో ఈ తరీఖాల గుర్తులు సమాధి రాళ్ళకే ఎక్కాయి. ఇస్తాంబుల్ ఖబరస్తాన్లలో తలరాయి మనిషి మాదిరి నిలబడి వుంటుంది, నెత్తిన టోపీతో సహా. మౌలవీ తరీఖా అయితే పొడుగాటి ఉన్ని టోపీ, బెక్తాషీ అయితే పన్నెండు మడతల తాజ్. ఆడవారి రాళ్ళ మీద పూలు. 1826లో సుల్తాను రెండవ మహమూద్ జానిసరీ సైన్యాన్ని తుడిచిపెట్టినప్పుడు బెక్తాషీ తరీఖాను కూడా నిషేధించి, జానిసరీల సమాధి రాళ్ళ తలలు కూడా కొట్టించాడు. చచ్చినవాడి టోపీ అంటే కూడా రాజుకు భయం! 1829 నుంచి ఉద్యోగులకు ఫెజ్ టోపీ చట్టం వస్తే, రాళ్ళ నెత్తిన కూడా ఫెజ్ వచ్చింది. కరాచీ దగ్గర చౌఖండీలో మగవారి రాళ్ళకు తలపాగాలు, కత్తులు, గుర్రాలు. ఆడవారి రాళ్ళకు నగలు.

మన దగ్గర ఇంత ఆర్భాటం ఎందుకు లేదు? బీదరికం ఒకటి, ఉలికి లొంగని నల్లరాయి ఒకటి. వీటి కంటే ముఖ్యం, సమాధిని గచ్చు చేయవద్దని, దాని మీద రాతలు రాయవద్దని హదీసు. అయితే గుర్తు అసలే వద్దని కాదు. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం వారు హజ్రత్ ఉస్మాన్ బిన్ మజూన్‌ను ఖననం చేసినప్పుడు, తమ చేతులతో ఒక రాయి మోసి తెచ్చి తలవైపు పెట్టారు, తమ సోదరుడి సమాధి తెలియడానికనీ, తమవారిని పక్కన చేర్చడానికనీ. పేరు లేదు, చెక్కడం లేదు. ఒక రాయి, అది ఎవరిదో గుర్తుంచుకునే ఒక మనిషి. మన ఖబరస్తాన్‌లో ఎక్కువ రాళ్ళు ఆ రకానివే. గుర్తుంచుకునే మనిషి పోతే రాయి మూగదవుతుంది. ఈమధ్యవాటి మీద కనపడే 786 అంకె, నెలవంకా చుక్కా కూడా వంశం సంగతి ఏమీ చెప్పవు. నెలవంక తురుష్క జెండాతో ప్రచారంలోకి వచ్చిన గుర్తు. అది వుంటే రాయి కొత్తదని తెలుస్తుంది, అంత మట్టుకే.

వృత్తి బంధాలు కూడా చెప్పుకోవాలి. మన సభ్యుల్లో దూదేకుల ఇండ్లు చాలా వున్నాయి. 922లో బాగ్దాదులో ఉరికంబమెక్కిన మన్సూర్ హల్లాజ్ పేరులో హల్లాజ్ అంటే దూది ఏకేవాడు. ఉత్తరాదిలో దూదేకులవారు ఆయన పేరుతోనే మన్సూరీలని చెప్పుకుంటారు. మన వైపు నూర్‌బాషాలు పెనుకొండ బాబయ్యను ఇంటి దేవునిలా తలచుకుంటారు. ఒకప్పుడు దూదేకుల ఇంటి గోడకు వేలాడే విల్లే వాళ్ళ గుర్తు. ఏ రాయి మీదా ఆ విల్లు చెక్కి మాకు కనపడలేదు. ఇండ్లలో కూడా విండ్లు పొయ్యి కింద పోయాయి.

మళ్ళీ ఆ ఇంటికి వస్తాము. పలక సంగతి తేలాక, పెద్ద ఖాలా చెప్పగా అటక మీది ట్రంకుపెట్టె దించారు. అందులో పాత శిస్తు రసీదులు, ఒక సియాహా, గుడ్డలో చుట్టిన పొడుగాటి కాగితం. కాగితం పార్సీ లిపి, ఇంట్లో ఎవరికీ చదవరాదు. మౌల్వీగారు చదివి చెప్పారు: అది షజ్రా. 1166లో బాగ్దాదులో పరమపదించిన హజ్రత్ అబ్దుల్ ఖాదిర్ జీలానీ వారి నుంచి పీరు తర్వాత పీరుగా పేర్లు దిగి వచ్చి, చిట్టచివర వాళ్ళ దాదా పేరు. అంటే ఆయన ఒక సోదర సంఘంలో మెంబరే! ఖాద్రీ సిల్సిలాలో. గుర్తు మాత్రం రాతి మీద గాక కాగితం మీద వుంది. మనవడు ఆ కాగితం వంక చూసిన చూపు మేము మరచిపోము. కొన్ని ఇండ్లలో షజ్రాను మనిషితోపాటు సమాధిలోనే వుంచే ఆచారం కూడా వుంది. అటువంటి చోట కాగితమూ మట్టిలోనే.

వంశ చరిత్ర వెదకదలచినవారికి మాకు తెలిసిన నాలుగు మాటలు. కదిరి తాలూకా 1910 దాకా కడప జిల్లాలో వుండేది. ఆ తర్వాతే అనంతపురంలో కలిసింది. 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. కాబట్టి తాతల నాటి కాగితం కోసం అనంతపురం పోయి, లేదని వెనక్కి వస్తే లాభం లేదు, కడప పేరు మీద వెదకాలి. నిజాం ఈ సీమను కంపెనీకి దత్తం చేసింది 1800లో. 1858లో మద్రాసు ప్రభుత్వం వేసిన ఇనాం కమిషన్ ఖాజీలకు, మసీదులకు, దర్గాలకు వున్న ఇనాములన్నీ విచారించి, అనుభవదారుల పేర్లు, వయసులు, బంధుత్వాలతో రిజిస్టర్లు తయారు చేసింది. ఖాజీ ఇండ్లవారికి, ముజావర్ ఇండ్లవారికి ఇది బంగారు గని. మిగతావారికి నిఖా సియాహాలే దిక్కు, వాటిలో తండ్రి పేరు తప్పకుండా వుంటుంది.

ఇక మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేండ్ల క్రితం ఖబరస్తాన్‌లో బాట వేయించి, గోడ పొడిగించినప్పుడు, అడ్డంగా వున్న విడిరాళ్ళను కూలీల చేత తీయించి ఒక మూలన పేర్పించాము. శుభ్రం చేశామని ఆ ఏడు నివేదికలో గర్వంగా రాసుకున్నాము కూడా. తర్వాత కరువుకు వలసపోయిన ఒక కుటుంబం వచ్చి, తల్లి సమాధి కోసం వెదికింది. కుప్పలో వాళ్ళు ఆ రాయిని గుర్తుపట్టారు. రాయి వుంది, చోటు లేదు. ఆ బిడ్డ ఆ రాతిని ఒళ్ళో పెట్టుకొని బాట అంచున కూచున్న దృశ్యం మా కండ్ల ముందు ఇంకా వుంది. అప్పుడు మేము ఒక్క ఫోటో కూడా తీసి పెట్టుకోలేదు.

అందువల్ల ఈ ఏడు కమిటీ ఒక తీర్మానం చేసింది. ఇకమీదట ఖబరస్తాన్‌లో ఏ రాయినీ దాని కొలత, వున్న చోటు, పలకో దిమ్మో రాసుకోనిదే కదిలించకూడదు. సంఘం ఆఫీసులో ఇందుకోసం ఒక పెద్ద నోటుబుక్కు పెట్టాము. జుమా నమాజు తర్వాత గంటసేపు మేము అక్కడే వుంటాము. షజ్రాలు, సియాహాలు, పాత రసీదులు తెస్తే ఫోటో తీసుకొని అప్పటికప్పుడే తిరిగి ఇచ్చేస్తాము, ఎవరి కాగితమూ మా దగ్గర వుంచుకోము. ఆ ఇంటివారి దాదా రాయిని మట్టిలోంచి పైకి లేపి మొదటి పేజీలో రాసుకున్నాము. దాదీ పలక ఎక్కడ వున్నది అక్కడే వుంది, ఉలిగీతలతో సహా. నోటుబుక్కులో రాయించడానికి వచ్చే ముందు మీ ఇంట్లోని ముసలమ్మలను అడిగి రండి. నడవగలిగినవారైతే వెంటబెట్టుకొని రండి, కుర్చీ వేస్తాము.